నకలుకు అసలెవరు?

టేకు దిమ్మ మీద ఆకు ఈనె చెక్కుతున్నంతసేపూ ఉలక్క ఊపిరి బిగబట్టే ఉంటుంది. వెంట్రుకంత గీత అది, ఒకసారి చెదిరితే మళ్ళీ అతకదు. అందుకే మరిది షెడ్డులోకి పరుగున వచ్చి "వదినా" అని పిలిచినా తలెత్తలేదు. ఈనె పూర్తిచేసి, పొట్టు నోటితో ఊది, ఉలి పక్కన పెట్టాకే చూసింది. మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు.

సరుకు రేవులో ఆపేశారన్నాడు. అద్దిన గుడ్డ బేళ్ళు పద్నాలుగూ ఓడ ఎక్కకుండా గోదాములో పడున్నాయట. అద్దకం బల్లల దగ్గర అచ్చుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. రంగు తొట్టి దగ్గర నిలబడ్డ అద్దకం తాత చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"మనం దొంగలమట వదినా. ఆ చిక్కుడుతీగ మనది కాదట."

ఉలక్కకి అసలు పేరు వేరే ఉంది, అది రేషను కార్డులోనే ఉంది. ఉలి పట్టే అక్క కాబట్టి ఉలక్క అన్నారనీ, ఉలకదు పలకదు కాబట్టి అదే స్థిరపడిందనీ షెడ్డులో వాళ్ళ ఎకసెక్కం. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డులో గుడ్డ మీద పడిన ప్రతి పువ్వూ, ప్రతి ఆకూ ఆమె ఉలి కిందనుంచి వచ్చిందే. షెడ్డు మరిదిది. దిమ్మలు చెక్కేది ఈమె. అద్దిన గుడ్డని ఉతికి ఆరబెట్టేది ఈమె భర్త. ఉత్తరాలూ, కంప్యూటరూ చూసేది ఈమె కూతురు. ఇంటిల్లిపాదీ ఆ గుడ్డ మీదే బతుకుతున్నారు, వాళ్ళతో పాటు బల్లల దగ్గర నిలబడే మరో పదకొండుమందీ.

కూతురు ఉత్తరం చదివి అర్థం చెప్పింది. ఫిర్యాదు చేసింది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కాదు, ఏళ్ళుగా వీళ్ళ దగ్గరే గుడ్డ కొంటున్న విదేశీ పెద్ద కంపెనీ. ఈ పద్నాలుగు బేళ్ళూ కొన్నది వేరే దేశంలో ఎవరో భార్యాభర్తలు నడుపుకునే చిన్న దుకాణం. ఆ దుకాణానికి పోతున్న గుడ్డ మీది తీగ తమదనీ, ఎనిమిది నెలల కిందటే తమ పేరున నమోదు చేయించుకున్నామనీ, మీరు దాన్ని నకలు కొట్టారనీ కంపెనీ అంటోంది. సాక్ష్యంగా తమ గుడ్డ బొమ్మ జతచేసింది. మిల్లులో యంత్రం మీద అచ్చయిన గుడ్డ అది.

ఉలక్క కళ్ళజోడు సర్దుకుని కంప్యూటరు తెర మీదకి వంగింది. వంటింటి కిటికీ ఊచలకి పాకిన చిక్కుడుతీగని చూసి తాను చెక్కిన తీగే. అంచున పురుగు కొట్టిన ఆకు కూడా అలాగే ఉంది. ఆకు ఆకునీ వేలితో తడుముతూ పోయి, ఒకచోట ఆగిపోయింది.

"చుక్కలు కూడానా," అంది.

తాత కూడా వచ్చి చూశాడు. చూసి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు! ప్రతి దిమ్మకీ నాలుగు మూలలా నాలుగు సన్నటి చుక్కలు చెక్కుతారు. ఒకసారి అచ్చు గుద్దాక రెండోసారి ఎక్కడ పెట్టాలో అద్దేవాడి కంటికి గుర్తు అవి. గుడ్డ మీది చుక్కకి దిమ్మ చుక్క ఆనించి, పిడికిలితో గుద్దుకుంటూ పోవడమే. ఆ తర్వాత రెండో రంగు దిమ్మతో వాటి మీద మొగ్గలు అద్దేస్తారు. చుక్కలు మొగ్గల కింద దాగిపోతాయి. తయారైన గుడ్డలో అవి ఎవరికీ కనపడవు. నిరుడు కంపెనీ అడిగితే తొందరలో ఒక నమూనా పంపారు. గీతల అచ్చు మాత్రమే వేశారు, మొగ్గలు వెయ్యలేదు. నమూనా మాకు పనికిరాదని కంపెనీ జవాబు రాసి ఊరుకుంది. పనికిరాని ఆ ముక్కనే మిల్లుకిచ్చి, చుక్కలతో సహా అచ్చు వేయించుకుంది.

వాళ్ళకి ఆ చుక్కలేమిటో తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా, ఫిర్యాదులో వాటికో కథ కూడా అల్లారు. తీగ మీద రాలిన వాన చినుకులట. తమ కళాకారుల బాల్యజ్ఞాపకమట. కూతురు ఆ ముక్క చదువుతుంటే ఉలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. తన తీగ తీసుకున్నారు, సరే. బల్ల దగ్గర నిలబడేవాడు తప్పు పోకుండా వేసుకున్న గుర్తుని కూడా ఎత్తుకుపోయి, దానికి బాల్యం కూడా పుట్టించారు.

"ఇంకేం భయం లేదు," అన్నాడు తాత. "ఈ చుక్కలు చూపిస్తే వాళ్ళ నోరు మూతపడుతుంది."

షెడ్డులో అందరూ అదే నమ్మారు. ఉలక్క కూడా నమ్మింది.

*

ఆ మధ్యాహ్నమే ఉలక్కనీ మరిదినీ కూతుర్నీ ఎగుమతుల కార్యాలయం వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ నిండా ఒక పెద్ద పోస్టరు. సృజన వ్యాపారమే రేపటి అభివృద్ధి అనీ, పల్లెపల్లెలోని కళ ప్రపంచ విపణికి చేరాలనీ దాని మీద రాసుంది. అక్షరాల వెనక దిమ్మ పట్టుకున్న రెండు చేతులున్నాయి. ఊసుపోక చూస్తున్న ఉలక్క లేచి దగ్గరికెళ్ళింది. ఎడమ బొటనవేలి మీద ఉలి జారినప్పటి మచ్చ. తన చేతులే.

రెండేళ్ళ కిందట ఆ కంపెనీ తరఫున ఒకడు కెమెరాతో వచ్చాడు. మొహం అక్కర్లేదమ్మా, చేతులు చాలు అన్నాడు. ఆ పోస్టరు కింద మూలన సహకారం అని రాసి కంపెనీ గుర్తు వేశారు. కూతురు అది చూసి ఫోను తీసి ఫొటో కొట్టుకుంది. మరిది మాత్రం ఎవరైనా చూస్తారని చుట్టూ చూశాడు, నేరం చేసినవాడిలాగా.

లోపల అధికారి బల్లకి అటు కూర్చున్నాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, ముక్తసరిగా మాట్లాడతాడు. పక్కన కంపెనీ లాయరు. చల్లటి గొంతు, ఇస్త్రీ నలగని చొక్కా. ఉలక్కని చూడగానే "కూర్చోండమ్మా" అని తనే కుర్చీ జరిపాడు. దొంగ అన్నవాడే కుర్చీ వెయ్యడం ఆమె చూడటం అదే మొదటిసారి.

ఉలక్క సంచిలోంచి దిమ్మలు తీసింది. తెల్లగుడ్డ ముక్క బల్ల మీద పరిచి, చిన్న రంగుపలక పెట్టి, గీతల దిమ్మతో మూడుసార్లు గుద్దింది. ఒక్కో దిమ్మ వెడల్పుకీ చుక్కలు పడ్డాయి. వాటి మీద ఎలా ఆనించిందో చూపించింది. తర్వాత మొగ్గల దిమ్మ తీసి అద్దింది. చుక్కలు పోయాయి. గుడ్డ తిరగేసింది. వెనకవైపు మొగ్గ మధ్యలో చుక్క నీడలా కనిపిస్తోంది. రేవులో ఆపిన సరుకులోంచి అధికారి తెప్పించుకున్న ముక్కని కూడా తిరగేసి చూపింది. అందులోనూ అంతే.

ఆమె ఎక్కువ మాటలు వాడలేదు. యంత్రానికి చుక్క ఎందుకని అడిగింది. తాను వాళ్ళ గుడ్డ చూసి చెక్కి ఉంటే, వాళ్ళు చినుకులనుకునేదాన్ని మొగ్గ కింద ఎందుకు దాచిపెడతానని అడిగింది.

అధికారి కళ్ళజోడు తీసి గుడ్డని కంటి దగ్గరగా పెట్టుకున్నాడు. స్కేలు తీసి కంపెనీ గుడ్డ మీది చుక్కల మధ్య దూరం కొలిచాడు. దిమ్మ కొలిచాడు. రెండూ ఒకటే. మళ్ళీ ఒకసారి కొలిచాడు. మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చివరికి అధికారి, ఈవిడ చెప్పేది నాకు అర్థమైందన్నాడు. అర్థమైనా చెయ్యగలిగిందేమీ లేదన్నాడు. నమోదు పుస్తకంలో కంపెనీ పేరుంది. పుస్తకంలో ఎవరి పేరుందో చూడటమే తన పని, ఎవరు చెక్కారో తేల్చడం కాదు. ఆ పుస్తకం తప్పనుకుంటే దానికి వేరే అభ్యంతరం పెట్టుకోవాలి, అది తేలడానికి ఏళ్ళు పడుతుంది. మరి నమూనా పంపినట్టు ఉత్తరం ఉందని కూతురు గబగబా తీసి చూపింది. లాయరు దాన్ని ఓపిగ్గా చదివి, నమూనా పనికిరాదని ఉంది గాని ఏ నమూనా అన్నది లేదు కదమ్మా అన్నాడు. నిజమే, లేదు. ఏళ్ళ తరబడి అలాగే రాసుకున్నారు. నమ్మకమే రసీదనుకున్న వాళ్ళకి రసీదు రాయించుకోవాలని ఎలా తోస్తుంది?

అప్పుడు లాయరు దారి చూపించాడు. కంపెనీకి చేతిపనివాళ్ళంటే గౌరవం, వాళ్ళ కడుపు కొట్టాలని లేదు. రెండు చిన్న కాగితాల మీద రెండు సంతకాలు చాలు. షెడ్డు యజమానిది ఒకటి, దిమ్మ చెక్కినవారిది ఒకటి. తీగ కంపెనీదేననీ, పొరపాటున నకలు చేశామనీ ఒప్పుకుంటే సరుకు అదేరోజు వదిలేస్తారు. ఇకముందు కూడా కంపెనీ అనుమతితో ఆ తీగ అద్దుకోవచ్చు.

"ఊరికే లాంఛనమమ్మా," అన్నాడు. "ఒక్క సంతకం."

ఉలక్క దిమ్మలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆలోచించుకుంటానంది. ఓడ బయల్దేరేది ఎల్లుండి సాయంత్రమని లాయరు గుర్తుచేశాడు.

*

మర్నాడు షెడ్డులో పని సాగలేదు. చేతులు బల్లల మీదున్నాయి, చూపులన్నీ ఉలక్క మీదున్నాయి. సరుకు పోకపోతే ఆ చిన్న దుకాణం మళ్ళీ వీళ్ళ మొహం చూడదు. కంపెనీతో తగువు పెట్టుకుంటే పెద్ద ఆర్డర్లూ ఉండవు. ఇది ఎవరూ ఆమెతో అనలేదు, అనకుండానే పొద్దున్నించీ చెబుతున్నారు.

మధ్యాహ్నానికి తాతే నోరు విప్పాడు. ముందురోజు నవ్వినవాడు ఇప్పుడు నేల చూస్తూ మాట్లాడాడు.

"పెట్టెయ్ తల్లీ. ఎవరు చెక్కారో మాకు తెలీదా? కాగితం మీద రాసినంత మాత్రాన నీ చేయి పోతుందా?"

చేయి పోదు. కానీ తాను చెక్కిన దేనికీ కాగితం మీద ఎన్నడూ ఆమె పేరు లేదు. మొదటిసారి తన పని పక్కన తన పేరు కాగితమెక్కబోతోంది, దొంగగా ఎక్కబోతోంది. ఆ మాట ఆమె తాతతో అనలేకపోయింది. అంటే, నా పేరు మాత్రం ఎక్కడుందని తాత అడుగుతాడు.

మరిది ఆ పూటే తన కాగితం మీద సంతకం పెట్టి లాయరుకి పంపించేశాడు. ఆ సంగతి కూతురు చెప్పింది. అందులో ఏం రాశాడో తననీ చూడనివ్వలేదంది. ఉలక్క భర్తని అడిగితే, తడిగుడ్డలు పిండుతూనే, నీ ఇష్టం అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి బాగా తెలుసు, ఆయన నీ ఇష్టం అంటే నావల్ల కాదని అర్థం.

సాయంత్రం నాలుగింటికి కంపెనీ నుంచి కూతురికి ఇంకో ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు చేసిన విభాగం వేరు, గుడ్డలు కొనే విభాగం వేరు కాబోలు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలిసినట్టు లేదు. వచ్చే సీజనుకి పది కొత్త నమూనాలు కావాలని రాశారు. ముఖ్యంగా తీగలు పంపమన్నారు. మీ చేతిపనిలోని ఆ సహజత్వం మరెక్కడా దొరకడం లేదని కూడా రాశారు.

కూతురు చదవడం ఆపింది. ఉలక్క మళ్ళీ చదవమంది. రెండోసారి విన్నాక లేచి వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కుంది. నిన్న దొంగ, ఇవాళ మరెక్కడా దొరకని చెయ్యి. దొంగ దగ్గర ఎవరైనా పది దొంగతనాలు ఆర్డరు ఇస్తారా! సిగ్గు అనేది ఆ దేశాల్లో కూడా ఉంటుందనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

మరిదికి మాత్రం ఆ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. చూశావా వదినా, వాళ్ళకి మన మీద కోపమేమీ లేదు, రేపు సంతకం పెట్టేస్తే అంతా మామూలే అన్నాడు. ఉలక్క దిమ్మ ముందుకు లాక్కుని, నిన్న వదిలేసిన ఆకు దగ్గర ఉలి ఆనించింది. రెండో ఈనె దగ్గర ఉలి లోతుగా దిగింది. ఆకు సగానికి చీలిపోయింది. ఇరవై రెండేళ్ళలో కోపానికి దిమ్మ పాడుచెయ్యడం అదే మొదలు.

*

మూడోరోజు పొద్దున పదింటికి అదే గది, అవే కుర్చీలు. లాయరు ఆ కార్యాలయపు ఫారం కాగితం ఆమె ముందుకు తోసి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో పెట్టిన గుర్తు చూపించాడు. పెన్ను మూత కూడా తనే తీసిచ్చాడు. మరిది ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. కూతురు పక్కన కూర్చుంది.

ఉలక్క పెన్ను తీసుకుంది. కాగితం పైనుంచి చదవడం మొదలుపెట్టింది. ఆమె చదువు నిదానం. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ పోతోంది. లాయరు గడియారం చూసుకున్నాడు. మొదటి గడిలో నకలు చేసిన వ్యక్తి పేరు అని ఉంది. దానికెదురుగా ఆమె పేరు ముందే టైపు కొట్టేశారు. రెండో గడిలో మూల రూపకర్త అయిన వ్యక్తి పేరు అని ఉంది. దానికెదురుగా కంపెనీ పేరుంది.

ఆమె వేలు అక్కడ ఆగింది.

"ఇక్కడ మనిషి పేరు రాయాలి కదండీ?" అని అధికారిని అడిగింది.

అధికారి కాగితం తనవైపు తిప్పుకున్నాడు. వ్యక్తి పేరు అనే ఉంది, అవును అన్నాడు. లాయరు చిరునవ్వుతో, కంపెనీలో చాలామంది కలిసి చేస్తారమ్మా, అందుకని సంస్థ పేరే వేస్తాం అన్నాడు.

ఉలక్క తల అడ్డంగా ఊపింది. గొంతు పెంచలేదు, ఒక్కో మాటా ఈనె చెక్కినంత నిదానంగా అంది.

"ఈ తీగ ఒక చెయ్యి గీయాలి. నేను నకలు కొట్టానంటున్నారు. ఎవరి చేతి పని నకలు కొట్టానో ఆ మనిషి పేరు రాయండి. ఆడో మగో, ఎవరైనా సరే. పేరు రాసి, ఈ తీగ నేనే గీశానని ఆ మనిషి చేత సంతకం పెట్టించండి. దాని కింద నేను పెడతాను."

లాయరు ఇంకా నవ్వుతూనే, ఇది అవసరమా సార్ అన్నట్టు అధికారి వైపు చూశాడు. అధికారి, గడి ఉన్నప్పుడు నింపాలి కదండీ అన్నాడు.

లాయరు ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. తలుపు సందులోంచి ఆయన అటూ ఇటూ తిరగడం కనిపిస్తూనే ఉంది. మొదట నవ్వుతూ మాట్లాడాడు, తర్వాత నవ్వడం మానేశాడు. ముగ్గురితోనో నలుగురితోనో మాట్లాడి ఉంటాడు. మరిది వంగి, ఎందుకొచ్చిన గొడవ వదినా, సంతకం పెట్టెయ్ అని చెవిలో గొణిగాడు. ఆమె పెన్ను వేళ్ళ మధ్య తిప్పుతూ తలుపు వైపే చూసింది.

ఇరవై నిమిషాల తర్వాత లాయరు లోపలికొచ్చాడు. సంబంధిత విభాగంలో మనిషి మారిపోయారనీ, పేరు తర్వాత తెప్పిస్తామనీ, ప్రస్తుతానికి ఏదో ఒకటి రాసుకుని పని కానివ్వండనీ అన్నాడు.

"అయితే మీ పేరు రాయండి," అంది ఉలక్క. పెన్ను ఆయన వైపు పెట్టింది. "ఊరికే లాంఛనమే కదా. ఒక్క సంతకం."

ఆయన పెన్ను తీసుకోలేదు. కాగితం వైపు చూశాడు, అధికారి వైపు చూశాడు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. గీయనిది గీశానని ప్రభుత్వ కాగితం మీద రాస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే. ఆమెకి తెలియదనుకున్నాడు, అంతే.

తీగ ఎవరిదో పుస్తకం చెబుతుంది గాని, నకలని సరుకు ఆపాలంటే ఈ రెండు గళ్ళూ నిండాలి అన్నాడు అధికారి. నకలు చేసినవారు ఉన్నారు గాని అసలు చేసినవారు లేరంటే నేను దేనికి నకలని రాసుకోవాలండీ అని అడిగాడు. ఆ తర్వాత ఫైలు దగ్గరికి లాక్కుని, సరుకు ఆపి ఉంచడానికి తగిన ఆధారం చూపలేదని నాలుగు వాక్యాలు రాశాడు. ముద్ర వేశాడు. ఆ ముద్ర కూడా కర్ర దిమ్మే, పిడి అరిగిపోయి ఉంది.

లాయరు ఫైళ్ళు సర్దుకుని, వస్తానమ్మా అని మర్యాదగా చెప్పి మరీ వెళ్ళాడు. మరిది కూర్చోబోయి, మళ్ళీ లేచి, వదినా వదినా అంటూ ఆమె చేతులు పట్టుకున్నాడు. సాయంత్రం ఓడకి సరుకు అందుతుంది. షెడ్డుకి ఫోను చెయ్యాలన్నాడు. ఉలక్క చేతులు విడిపించుకుని, పుస్తకంలో పేరు మాటేమిటని అధికారిని అడిగింది. అది అలాగే ఉంటుందన్నాడాయన. తీగ పుస్తకంలో ఇంకా కంపెనీదే. అభ్యంతరం పెట్టుకునే ఫారం కింది అంతస్తులో నాలుగో కిటికీ దగ్గర ఇస్తారు. దానికి ఓపిక కావాలన్నాడు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి, ఇది ఇక నాకక్కర్లేదంటూ ఆమెకిచ్చాడు. మరిది నిన్న సంతకం పెట్టిన కాగితం.

మరిది చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. వరండాలోకి వచ్చి, పోస్టరు ముందు బెంచీ దగ్గర ఆగి, అప్పుడు అతని చేతిలో పెట్టింది.

"చదువు."

"ఇప్పుడెందుకు వదినా, పనైపోయిందిగా."

"పైకి చదువు."

కూతురు అక్కడే నిలబడింది. మరిది కాగితం విప్పాడు. "మా షెడ్డునందు పనిచేయు మా వదినగారు, సదరు కంపెనీవారి రూపకల్పనను, వారికి గాని నాకు గాని తెలియకుండా..." అక్కడ ఆగిపోయాడు. ఆమె ఎదురుచూసింది. అటుగా పోతున్న గుమాస్తా ఒకడు తిరిగి చూసి వెళ్ళిపోయాడు. "...దొంగతనముగా నకలు చేసినారు. ఆ సంగతి ఎరుగక నేను సరుకు పంపితిని. ఇందులో నా దోషము లేదు." కింద సంతకం, తేదీ. అవి కూడా చదివించింది.

తీగ చెక్కిన రోజు దిమ్మ మొదటి అచ్చు వేసి చూసి, ఎగిరి గంతేసింది ఈ మరిదే. ఆ ముక్క నమూనాగా పంపుదామన్నదీ అతనే. అతను తలెత్తలేదు. కళ్ళు తుడుచుకుని, చించెయ్ వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాడు.

"చించను," అంది ఉలక్క. కాగితం మడతలు సరిచేసి, దిమ్మలు చుట్టిన గుడ్డలో పెట్టుకుంది. "వాళ్ళెవరో ఎక్కడో కూర్చుని దొంగ అన్నారు. నువ్వు నా పక్కనే ఉంటూ రాశావు. ఆ పుస్తకంలో పేరు మారేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. నా కోపం చల్లారకూడదు."

తర్వాత కూతుర్ని పిలిచి, నాలుగో కిటికీ ఎటో కనుక్కోమంది. కిటికీ ముందు అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. ఉలక్క సంచి చంకన పెట్టుకుని పదో మనిషిగా నిలబడింది.